గొంగడిగుట్ట ఊకొట్టు స్వామి

రండి తల్లీ, రండి నాయనా. ఎండలో గుట్ట ఎక్కి వచ్చారు, ముందు ఈ బండ నీడకు చేరండి. వెనుక ఉన్నవారు కూడా దగ్గరగా జరిగి కూర్చోండి. పిల్లలను ఒడిలోంచి దింపి ముందుకు పంపండి, ఈ కథ వారిది. నేను చెబుతుంటాను, మీరు ఊ కొడుతుండండి. ఈ క్షేత్రంలో ఊ కొట్టడమే అర్చన. ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

ముందుగా స్వామిని కన్నులారా చూడండి. గుహలో వెలసిన ఈ శిలకు కిరీటం లేదు, ఆయుధం లేదు. శిరస్సు మాత్రం ఎవరో చెప్పేది చెవి ఒగ్గి వింటున్నట్టు కుడిభుజం మీదికి వాలి ఉంది. కొందరు మల్లన్న అంటారు, కొందరు నరసింహుడంటారు. ఏ పేరుతో పిలిచినా ఊ అంటాడు. ఆయన ముందు పరిచి ఉన్నది పట్టుబట్ట కాదు, నల్ల గొంగడి. దాని మీద పెద్దలు కాలు మోపరాదు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మెట్లు లేవు. స్వామి శిరస్సు కూడా నిటారుగానే ఉండేది. గుట్ట కింద కురుమవాడ ఉండేది. ఆ వాడ పిల్లలు పగలంతా గొర్రెలను గుట్ట మీద మేపుతూ గుహ ముందు ఆడుకునేవారు. అక్కడ కొమురెల్లి అనే కాపరికి నీలవ్వ ఒక్కతే కూతురు. ఈనగానే తల్లి చచ్చిన ఒక గొర్రెపిల్లకు ఆ బిడ్డ గుడ్డ ముంచి పాలు పట్టి బతికించుకుంది. నుదుట తెల్లమచ్చ ఉందని చుక్క అని పేరు పెట్టుకుంది.

ఒక ఏడు మందకు గాలికుంటు రోగం తగిలింది. గొర్రెలు కళ్లెదుటే కూలుతుంటే కొమురెల్లి గుహ ముందు సాగిలపడి, "సామీ, మందను నిలవెట్టు. మందల మేలైన పిల్లను నీకు కోస్త" అని మొక్కుకున్నాడు. మంద నిలబడింది. తీరా చూస్తే అన్నిటిలో మేలైన పిల్ల చుక్కే.

మొక్కు తీర్చవలసిన నాడు నీలవ్వ చుక్కను తీసుకుని గుహ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. తోటి పిల్లలు చుట్టూ చేరారు. ఆ బిడ్డ ఏడవలేదు, అడిగింది.

"మాట ఇచ్చింది మా నాయిన. మెడ ఇచ్చేది చుక్క. ఒకల మాట ఇంకొకలెట్ల తీరుస్తరు?"

పక్కింటి ఎల్లడు నవ్వాడు. "తీర్చకుంటే మంద మళ్ల సస్తది. అప్పుడు గీ మాటలే వండుకొని తింటవా?"

"అసలు చుక్క నీదెట్లయితదే? నువ్వు కన్నవా?" అంది పోచవ్వ అనే ఇంకో పిల్ల. అందరూ గొల్లుమన్నారు.

"పాలు పట్టిన."

"మీ ఇంకో గొర్రెకు నేను పాలు పడితే అది నాదైతదా?"

నీలవ్వ చుక్కను దగ్గరికి లాక్కుంది. "నాది కాదంటే మా నాయినది గూడ కాదు. ఆయన కన్నడా?" అంది.

ఎల్లడు తల గోక్కున్నాడు. "మరి ఎవలది? అన్నీ సామివే అంటది మా అవ్వ."

"సామిదే అయితే, సామికి మనం ఇచ్చుడేంది?"

సరిగ్గా అప్పుడే కొమురెల్లి నడుముకు కత్తి దోపుకుని గుట్ట ఎక్కాడు. పిల్లల మాటలు చెవిన పడి బండ చాటున ఆగాడు. నోరు మూయండని కసరబోయాడు. ఇంతలో గుహలోంచి "ఊ" అని వినిపించింది, కథ వినే తాత కొట్టినంత నిదానంగా. ఎవరో పెద్దమనిషి లోపల కూర్చుని వింటున్నాడనుకుని అతడు కసురు మింగి అక్కడే నిలబడ్డాడు.

పిల్లలు తమ గోలలో తామున్నారు. ఎల్లడు పుల్లతో నేల గీస్తూ గీస్తూ తల ఎత్తాడు. "ఇందాక నేనన్నది తప్పేమో. సామిది సామికి ఇయ్యలేం. మనం ఇయ్యగలిగింది ఒక్కటే, నాది అనుడు. అది ఇడిశిపెడితే ఇచ్చినట్టే గద? ఇగ కోసుడెందుకు?"

మళ్లీ "ఊ" అని వినిపించింది.

"అట్లయితే నీలవ్వ గూడ ఇడిశిపెట్టాలె" అంది పోచవ్వ మెల్లగా.

ఆ మాటకు నీలవ్వ ముఖం చిన్నబోయింది. చుక్కను దక్కించుకుందామని వచ్చిన బిడ్డ, అది బతికి కూడా తనది కాకుండా పోతుందని అనుకోలేదు. "ఇగ నా పక్కల పండదా?" అని అడిగింది.

కొమురెల్లి బండ చాటునుంచి వచ్చి ముందు గుహలోకి తొంగిచూశాడు. లోపల మనిషి లేడు. నిటారుగా ఉండే స్వామి శిరస్సు పిల్లలవైపు వాలి ఉంది. అతడు కత్తిని స్వామి ముందు పెట్టేసి, వచ్చి కూతురి ఎదుట కూలబడ్డాడు.

"చుక్క ఎవలది బిడ్డా?"

నీలవ్వ చుక్క మెడలో ముఖం దాచుకుంది. తరువాత దాని మెడ చుట్టూ వేసిన చేయి తీసేసింది. "నాది గాదు. నీది గూడ గాదు నాయినా."

చుక్క మేస్తూ మేస్తూ గుట్ట పైకి వెళ్లిపోయింది. మందకు మళ్లీ ఏ కీడూ రాలేదు. చుక్కకు మొదటిసారి తీసిన ఉన్నితో కొమురెల్లి గొంగడి నేసి, పిల్లలు మాట్లాడుకున్న చోటనే పరిచాడు. ఎవరూ పిలవకుండానే చుక్క అప్పుడప్పుడు గుట్ట దిగి వచ్చి, ఆ గొంగడి అంచున నీలవ్వ పక్కనే పడుకునేదట.

నేటికీ మాఘమాసపు జాతరలో ఇక్కడ కోత లేదు. మొక్కుకున్నవారు గొర్రెలను గుట్టకు విడిచిపెడతారు. వాటి ఉన్నితో ఏటా కొత్త గొంగడి నేస్తారు. పిల్లలు దాని మీద కూర్చుని ఒక ప్రశ్న తీసుకుంటారు. కిందటి జాతరలో ఒక చిన్నది, "కలలో నేను పరుగెత్తుతుంటే చాప మీద పండుకున్నది ఎవరు?" అని అడిగింది. నైవేద్యం చల్లారిపోయింది గాని మాట తెగలేదు. తెగకపోయినా దోషం లేదు. "ఇందాక నేను వేరేలా అనుకున్నాను, ఇప్పుడు మార్చుకున్నాను" అన్న బిడ్డకు ఎల్లని పేరు చెప్పి తొలి ప్రసాదం పెడతారు.

పెద్దలు చుట్టూ నిలబడి ఊ కొట్టాలే తప్ప జవాబు చెప్పరాదు. చెప్పినవారు కింది బావి నుంచి పిల్లలందరికీ నీళ్లు మోయాలి. రిటైరైన హెడ్మాస్టరు గారొకరు ఉండబట్టలేక ఒక జాతరంతా బిందెలు మోశారు. ఇప్పుడు ఆయన నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని నిలబడతారు.

ఈ కథ విన్నవారి ఇంట పాడికీ పిల్లల మాటకూ కొదవ ఉండదని మా పెద్దల నమ్మకం. గుట్ట దిగాక మిగిలినదంతా మరచిపోయినా ఒక్క పని గుర్తుంచుకోండి. నడుమున కత్తి ఉన్న తండ్రి, నోటిదాకా వచ్చిన కసురును మింగి, బండ చాటున నిలబడి విన్నాడు. మీ బిడ్డ ఏదైనా అడిగిన రోజున మీరూ అలాగే కాసేపు నిలబడండి. ఊ అనండి. తరువాతి మాట బిడ్డను చెప్పనివ్వండి.