కళాయి గిన్నె, కొండ పరుగు

అనగనగా ఒక ఏరు. ఏటి పక్కనే నిట్టనిలువు కొండ. కొండ మీద కోట, కోటలో విజయకేతనుడనే రాజుగారు. పేరు ఘనమే గాని, వానాకాలం వచ్చిందంటే పాపం ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఎందుకంటారా? కొండకు అవతల పల్లంలో మూడు ఊళ్ళున్నాయి. ఇవతల రేవులో నల్లబండ వరదకు మునిగిందంటే, ఇంకాసేపటికి ఆ ఊళ్ళూ మునుగుతాయి. వాన హోరులో నగారా తప్ప కొమ్మూ కేకా వినబడవు, అందుకే బండ మునగగానే ఒకరు కోటకు పరుగెత్తాలి. కోటలో నగారా మోగాలి. అది విని జనం మెరక చేరుకోవాలి.

ఆ రోజుల్లో గడియారాలెక్కడివి! అడుగున సన్నని బెజ్జమున్న రాగి గిన్నెను నీళ్ళతొట్టిలో వదిలేవారు. బెజ్జంలోంచి నీళ్ళెక్కి అది బుడుంగుమంటే ఒకటి. తీసి మళ్ళీ వదిలితే రెండు. మూడు గిన్నెలు మునిగేలోగా నగారా మోగాలి. ఆ తరవాత ఎంత మోగించినా జనానికి పారిపోయే వ్యవధి ఉండదు.

అంత వేగంగా కొండెక్కేవారి కోసం ఏటా తొలకరికి ముందు పందెం పెట్టేవారు. గెలిస్తే కోటలో కొలువు, ఉండటానికి ఇల్లు. అప్పటిదాకా ఒక్కరూ గెలవలేదు.

నూకాలనే ఆవిడ ఉప్పుబుట్ట నెత్తిన పెట్టుకుని రోజూ ఆ కొండెక్కేది. మెడ నరాలు పీకేసేవి. ఆ కొలువొస్తే బుట్ట దించేయవచ్చని ఆమె ఆశ. మొదటి ఏడు పరుగెత్తితే అయిదు గిన్నెలు పట్టింది. ఏడాదంతా సాధన చేసింది. రెండో ఏడు నాలుగున్నర పట్టింది. మళ్ళీ సాధన, ఈసారి బుట్టలో ఉప్పు ఎక్కువేసుకుని మరీ!

మూడో ఏడు వచ్చింది. రేవులో కొమ్ము ఊదారు. పైన గిన్నె వదిలారు. నూకాలు లేడిలా లేచింది. కానీ దారిలో బుట్టలు దించుకునే రెండో మజిలీ దాటాక కాలు జారి దబ్బున పడింది. మోకాలు చిట్లింది. "అయిపోయింది, నా కొలువు గంగలో కలిసింది" అని ఏడుస్తూ, కుంటుతూ కోట చేరింది.

గిన్నెల కాపలాదారు తవిటయ్య తొట్టిలోకి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"అమ్మ బాబోయ్! మూడో గిన్నె అంచుదాకా నిండినా ఇంకా తేలుతోంది!" అని అరిచాడు.

జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. రాజుగారు సింహాసనం దిగి వచ్చేశారు. అంతలో గవరయ్య శెట్టి ఆయాసపడుతూ వచ్చాడు. ఆయన బొజ్జ ముందు, ఆయన వెనక! ఏటా మొక్కుకోసం పరుగెత్తి, ఎనిమిది గిన్నెలకు గాని చేరని మనిషి. ఈసారి అయిదున్నరకే చేరాడు!

"ఔరా! నాలో ఇంత ఉందని నాకే తెలీదే!" అని శెట్టి మీసం దువ్వాడు. సభంతా చప్పట్లు.

ఒక్క నూకాలు మాత్రం కొయ్యబారిపోయింది. శెట్టిగారేమిటి, అయిదున్నరేమిటి! చేతిదాకా వచ్చిన ఇల్లు కళ్ళముందు కదిలింది. నోరు మూసుకుంటే చాలు. కానీ మనసొప్పలేదు.

"దొరా, నేను దారిలో పడ్డాను, కుంటుకుంటూ వచ్చాను. మూడు గిన్నెల్లో రావడం కల్ల. ఆ గిన్నె చూపించండి" అంది.

"పిచ్చిదానా, వచ్చినదాన్ని కాలదన్నుకుంటావా?" అని శెట్టి గుడ్లురిమాడు.

రాజుగారు గిన్నె తెప్పించారు. అది తళతళా మెరిసిపోతోంది. తవిటయ్య మురిసిపోతూ, "ఏలినవారు చూస్తారు గదా, పాత గిన్నె పెడితే ఏం బాగుంటుందని మొన్ననే కళాయి వేయించాను" అన్నాడు.

అదీ సంగతి! కళాయి పూత బెజ్జంలోకీ దిగి, దాన్ని కొంత పూడ్చేసింది. అంతఃపురంలోంచి ఇంకో గిన్నె తెచ్చి పక్కన వదిలారు. కళాయి గిన్నె రెండుసార్లు మునిగేలోగా అది మూడుసార్లు మునిగింది.

లెక్క చూస్తే నూకాలు పరుగు నాలుగున్నర. నిరుటికంటే వీసమెత్తు మెరుగు లేదు. తవిటయ్య నెత్తి బాదుకుంటూ కూలబడ్డాడు. శెట్టి మీసం మీది చెయ్యి జారిపోయింది. రాజుగారికి ముచ్చెమటలు పోశాయి.

"ఈ లెక్క నమ్మి ఉంటే మూడు ఊళ్ళూ నీళ్ళపాలయ్యేవి! ఇప్పుడేం దారి?" అన్నారు.

నూకాలు కళ్ళు తుడుచుకుని అంది: "దొరా, కోట దాకా మూడు గిన్నెల్లో నేను రాలేను. రెండో మజిలీకైతే రెండున్నరలో చేరతాను. అక్కడ బుట్ట దించుకుంటే పల్లపు ఊళ్ళ రోకటి పోట్లు వినిపిస్తాయి. వాళ్ళ రోకలి మనకు వినబడితే, మన నగారా వాళ్ళకు వినబడదా?"

తాతల నాటి నుంచి నగారా కోటలోనే ఉంది. దాన్ని కిందికి దించవచ్చని ఒక్కరికీ తోచలేదు, చూశారా! ఆ పూటే దించి మోగించారు. మూడు ఊళ్ళకూ ఖంగుమని వినిపించింది. కొలువు నూకాలుకే ఇచ్చారు.

ఆ ఏడే వరద వచ్చింది. నల్లబండ మునిగింది. రేవు గట్టున తవిటయ్య గిన్నె వదిలాడు. నూకాలు పరుగెత్తింది. రెండున్నర గిన్నెలకు నగారా మోగింది. జనం పిల్లాజెల్లాతో మెరకెక్కారు. వెనక్కి తిరిగి చూస్తే ఇళ్ళ చూరుదాకా నీళ్ళు!

రాజుగారు మెరక మీద తలలు లెక్కపెట్టించారు. ఒక్క పసిబిడ్డ కూడా తప్పిపోలేదు. తరవాత తవిటయ్యను గిన్నెల లెక్క అడిగారు. పల్లం మునిగేసరికి నాలుగో గిన్నె సగమే మునిగిందన్నాడు. నగారా కోటలోనే ఉండి ఉంటే, ఇంకో గిన్నె సేపటికి గాని మోగేది కాదు.

అందుకే పిల్లలూ, లేని గెలుపును ఒప్పుకుంటే నలుగురూ మునుగుతారు. ఉన్న లోటును ఒప్పుకుంటే నలుగురూ బతుకుతారు.