ఎర్రచుక్క

రేపల్లెలో జోషిత అనే పదిహేడేళ్ల అమ్మాయి ఉండేది. వీడియోలు చక్కగా తీసేది గానీ, తన వల్ల తప్పు జరిగిందని ఒప్పుకోవాలంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చినట్టు చేసేది.

ఆమె పాలిటెక్నిక్ చదువుతుండేది. సెలవు రోజుల్లో మేనమామ ఇచ్చిన పాత వీడియో కెమెరా పట్టుకుని ఊళ్లో వేడుకలకు వెళ్లేది. ఆడపిల్ల తీస్తుందంటే ఇబ్బంది ఉండదని సీమంతాలకూ, ఓణీల ఫంక్షన్లకూ ఆమెనే పిలిచేవారు. వచ్చిన డబ్బుతో తన ఫీజు తనే కట్టుకునేది. ఇంతవరకూ మెచ్చుకోవలసిన పిల్లే. కానీ వీడియో ఎక్కడైనా చెడిందంటే సాకు సిద్ధంగా ఉండేది. చీకటిగా వస్తే "మీ ఇంట్లో లైట్లు బాగా లేవాంటీ" అనేది. మాటలు వినపడకపోతే "మీ ఫ్యాను చప్పుడు" అనేది. ఏదీ కుదరకపోతే "కెమెరాలో మెమరీ కార్డు పాడైంది" అనేది. పాపం, ఆ కార్డుకు నోరుంటే ఎంత తిట్టేదో!

పైగా ఇంకో గొప్ప. కెమెరా రికార్డు చేస్తున్నంతసేపూ తెర మూల చిన్న ఎర్రచుక్క వెలుగుతుంది. "బటన్ నొక్కాక ఆ చుక్క వైపు ఓసారి చూడవే" అని మేనమామ చెబుతూనే ఉండేవాడు. "అది కొత్తవాళ్లు చూసుకోవాలి మావయ్యా. నాకు వేలికే తెలిసిపోతుంది" అనేది జోషిత.

ఒక ఆదివారం అనసూయమ్మగారి ఇంట్లో ఆమె కూతురు ప్రవల్లికకు సీమంతం. జోషిత గుమ్మంలో నిలబడి, కెమెరా పనిచేస్తుందో లేదో చూద్దామని బటన్ నొక్కింది. అప్పుడే ప్రవల్లిక మేనత్త రాజేశ్వరి లోపలి నుంచి "అమ్మాయ్, అక్కడే నుంచున్నావేంటి? ఇటు రా!" అని కేకేసింది. జోషిత కెమెరాను చేతికి వేలాడేసుకుని పరుగెత్తింది. అది రికార్డు చేస్తూనే ఉంది. వేడుక మొదలవగానే మళ్లీ బటన్ నొక్కింది. దాంతో అది ఆగిపోయింది.

అక్కడి నుంచి అంతా తలకిందులే. ఆమె తీస్తున్నాననుకున్నప్పుడల్లా కెమెరా నిద్రపోయింది. ఆపేశాననుకుని కిందికి వేలాడేసినప్పుడల్లా నిద్రలేచి చాపలనూ, చీర అంచులనూ శ్రద్ధగా రికార్డు చేసింది.

గాజులు తొడగడానికి కోటమ్మ వచ్చింది. ఆమె గాజుల పెట్టెతో ఇంటింటికీ తిరిగి తొడిగే మనిషి. ఆ పేటలో ఏ సీమంతమైనా ఆమె చేతి మీదుగానే జరిగేది. ప్రవల్లిక చేతులకున్న నాలుగు బంగారు గాజులూ తీసి పక్కన పళ్లెంలో పెట్టింది. ఒక్కటీ చిట్లకుండా రెండు చేతులకూ నిండుగా మట్టిగాజులు తొడిగింది. ముత్తైదువులు గంధం పూశారు, అక్షింతలు వేశారు. జోషిత చుట్టూ తిరిగి అన్నీ తీసింది. తీశాననుకుంది.

భోజనాల వేళ పక్క గదిలో కూర్చుని వీడియో వేసి చూసుకుంది. గాజులు లేవు, గంధం లేదు, ప్రవల్లిక ముఖమే లేదు. ఉన్నవల్లా కాళ్లు. పట్టీల కాళ్లు, పసుపు కాళ్లు, పరుగెత్తే పిల్లల కాళ్లు. కాసేపు చూసి కెమెరా మూసేసింది. "కార్డు పాడైందని చెబితే సరిపోతుంది" అనుకుంది.

అంతలో హాల్లో గోల మొదలైంది.

"వదినా, పళ్లెంలో మూడు గాజులే ఉన్నాయి! నాలుగోది ఏమైంది?" అని అరుస్తోంది రాజేశ్వరి.

చాపలు ఎత్తారు, దిండ్లు దులిపారు, కుర్చీల కింద వెతికారు. గాజు కనపడలేదు.

"పళ్లెం పక్కన కూర్చున్నది నువ్వే కదా కోటమ్మా? ఆ పెట్టె తెరువు" అంది రాజేశ్వరి.

కోటమ్మ పెట్టె తెరిచి గాజులన్నీ చాప మీద పరిచింది. అందులో లేదు.

"ఎక్కడో దాచే ఉంటావు."

"అంత మాటనకండమ్మా. ప్రవల్లికమ్మ ఉయ్యాల్లో ఉన్నప్పుడు నల్లగాజులు తొడిగింది కూడా నేనే" అంది కోటమ్మ. ఆమె గొంతు వణికింది.

వణకదూ మరి? ఆడవాళ్లు ఒంటి మీది బంగారం తీసి పక్కన పెట్టి, నమ్మి ఆమె చేతికి చెయ్యి ఇస్తారు. ఆ నమ్మకమే ఆమెకు కూడు పెడుతోంది. దొంగ అన్న మాట ఆ గడప దాటిందంటే ఇక ఏ ఇంట్లోనూ ఆమెను అడుగు పెట్టనివ్వరు.

అప్పుడు కోటమ్మకు గది గుమ్మంలో నిలబడ్డ జోషిత కనపడింది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఇదిగో, ఈ పాప అంతా వీడియో తీసింది గదమ్మా! అందులో నా చేతులు ఉంటాయి. నేను తీశానేమో మీరే చూడండి" అంది ఆశగా.

అందరూ జోషిత వైపు తిరిగారు. అలవాటైన నోరు ఊరుకుంటుందా?

"కార్డు పాడైందండీ. ఏమీ రాలేదు" అంది జోషిత.

కోటమ్మ మెల్లగా చాప మీద కూలబడింది. "పోనీలే తల్లీ, నీ తప్పేముంది?" అంది.

సాకు చెప్పిన ప్రతిసారీ జోషిత వినాలనుకున్నది ఆ మాటే. ఈసారి మాత్రం అది చెంపదెబ్బలా తగిలింది. ఆమె అక్కడ నిలబడలేకపోయింది. గదిలోకి వెళ్లి, గాజు జాడ ఏమైనా దొరుకుతుందేమోనని, ఇందాక చూడకుండా వదిలేసిన వీడియో అంతా ఏడుస్తూనే చూడసాగింది. మళ్లీ కాళ్లు, మళ్లీ చాపలు. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఆగిపోయింది.

తెర మీద బన్నీ ఉన్నాడు. వాడు రాజేశ్వరి మనవడు, రెండేళ్లవాడు. పెద్దవాళ్లంతా ప్రవల్లిక పక్కన నిలబడి ఫోన్లలో ఫోటోలు దిగుతున్నారు. వాడు పళ్లెం దగ్గర చతికిలబడ్డాడు. ఒక బంగారు గాజు తీసి నోట్లో పెట్టుకున్నాడు. రుచి నచ్చలేదు కాబోలు, ముఖం చిట్లించాడు. పక్కనే తాంబూలాల్లోకి నానబెట్టిన శనగల గిన్నె ఉంది. గాజును అందులోకి దూర్చి, పైన శనగలు కప్పి, తనకు తనే చప్పట్లు కొట్టుకున్నాడు. వాడి ఎత్తులో వేలాడుతున్న కెమెరా తప్ప వాణ్ణి చూసినవాళ్లు లేరు.

జోషితకు సంతోషంతో అరవాలనిపించింది. ఆ వెంటనే భయం వేసింది. ఇది చూపిస్తే సీమంతం వీడియో రానిది తన తప్పు వల్లేనన్న సంగతి బయటపడుతుంది. కార్డు పాడైందన్న అబద్ధమూ బయటపడుతుంది. రేపటి నుంచి తనను ఎవరూ పిలవకపోవచ్చు. పిలవకపోతే తనకు చదువుంది, అమ్మానాన్నా ఉన్నారు. కోటమ్మకు ఆ పెట్టె తప్ప ఏముంది?

కళ్లు తుడుచుకుని హాల్లోకి వచ్చింది.

"ఆంటీ, నేను అబద్ధం చెప్పాను" అంది. అనుకున్నంత కష్టంగా లేదు. మొదటి మాట బయటికి వచ్చాక మిగతావి వాటంతట అవే వచ్చాయి. "కార్డు బాగానే ఉంది. ఎర్రచుక్క వెలిగిందో లేదో చూసుకోకుండా బటన్ నొక్కింది నేనే. సీమంతం ఒక్క ముక్క కూడా రాలేదు. కానీ ఇది వచ్చింది. చూడండి."

అందరూ కెమెరా చుట్టూ మూగారు. చూడటం పూర్తి కాకుండానే అనసూయమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. భోజనాలకు ముందే అక్కడికి చేర్చిన శనగల గిన్నెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవింది. గాజు దొరికింది. అది పట్టుకుని తడి చేత్తోనే కోటమ్మ దగ్గరికి వచ్చింది. కోటమ్మ రెండు చేతుల్లో ముఖం దాచుకుని భోరున ఏడ్చేసింది. అది బరువు దిగిన ఏడుపు. చుట్టూ ఉన్నవాళ్ల కళ్లూ చెమ్మగిల్లాయి.

రాజేశ్వరి చంకలో బన్నీ హాయిగా శనగలు నములుతున్నాడు. ఆమె తల దించుకుని వచ్చి "నోరు జారాను కోటమ్మా" అంది గొణుగుతున్నట్టు.

"అందరూ వినేలా అన్నారమ్మా. ఇదీ అందరూ వినేలా చెప్పండి" అంది కోటమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"తప్పు నాదే. కోటమ్మది ఏ పాపమూ లేదు" అంది రాజేశ్వరి, ఈసారి వీధి గుమ్మం దాకా వినపడేలా.

అనసూయమ్మ జోషిత వైపు తిరిగింది. "మరి వీడియో సంగతేంటమ్మాయ్? సీమంతం మళ్లీ వస్తుందా?"

జోషిత ఏ సాకూ వెతకలేదు. "రాదాంటీ. తప్పు నాదే. నాకు డబ్బులు వద్దు" అంది. చీవాట్లు తినడానికి సిద్ధంగా నిలబడింది. అయినా మనసు ఎంతో తేలిగ్గా ఉంది.

ప్రవల్లిక నవ్వింది. "ఎందుకు రాదమ్మా? ముత్తైదువులు ఇంకా వెళ్లలేదు. కోటమ్మ ఇక్కడే ఉంది. అదే వారం పోయాక కార్డు పాడైందని చెప్పి ఉంటే ఏం చేసేవాళ్లం? గంధం, గాజులు ఇంకోసారి కానిద్దాం."

కోటమ్మ చాప మీద పరిచిన గాజుల్లోంచి మంచి ఆకుపచ్చ రంగువి ఏరింది. ప్రవల్లిక చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. తొడగబోతూ ఆగి, జోషిత వైపు చూసింది.

"పాపా, చుక్క వెలిగిందా?"

జోషిత తెర వైపు చూసింది. ఒకసారి కాదు, రెండుసార్లు చూసింది.

"వెలిగిందత్తా" అంది.

పిల్లలూ, తప్పు చేసినప్పుడు వెంటనే ఒప్పుకుంటే దాన్ని దిద్దుకునే దారి దొరుకుతుంది; సాకు చెప్పి దాచేస్తే ఆ బరువు ఏ పాపం ఎరగనివాళ్ల మీద పడుతుంది.