కాకెంగిలి

డాక్టర్ కౌముదికి చదివింది కడుపులో దాచుకోవడం రాదు. అదే కొంప ముంచింది.

నరాల వార్డులో రేవతి అనే పిల్ల ఉంది. ఇరవై నాలుగేళ్ళు. మల్టిపుల్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాల పైపొరని తినేసే జబ్బు. చూపు మసకబారింది, చేతులు పట్టు తప్పాయి. తల్లి అప్పలనర్సమ్మే ముద్దలు కలిపి నోట్లో పెట్టేది.

"ఇదెందుకొచ్చింది తల్లీ?" అని ఆవిడ అడిగింది. కౌముది కొత్తగా చదివింది చెప్పేసింది. చిన్నప్పుడు ఎంగిలి వల్ల సోకే ఒక వైరస్‌కీ, ఈ జబ్బుకీ సంబంధం ఉండొచ్చని.

"ఎంగిలి పెట్టలేదమ్మా. చెంగు కప్పి కొరికి, కాకెంగిలి చేసి పెట్టేదాన్ని."

"గుడ్డ అడ్డం పెడితే వైరస్ ఆగుతుందా?" అని నవ్వింది కౌముది.

ఆ పూట నుంచి అప్పలనర్సమ్మ కూతుర్ని ముట్టుకోలేదు. నర్సు ముద్ద పెడితే రేవతి నోరు తెరవదు. మూడు రోజులు పాలే గతయ్యాయి.

కౌముది తన గురువు గుంపస్వామి గారి దగ్గరికెళ్ళింది. "నేను అబద్ధం చెప్పలేదు సార్."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచారు. "నా రక్తం తియ్యి. నీదీ ఇయ్యి. ఆ వైరస్ కోసమే చూడమను."

రిపోర్టులొచ్చాయి. ఇద్దరికీ ఉంది.

"నీకెవరు తినిపించేవారు, చిన్నప్పుడు?" అన్నారాయన.

కౌముదికి వాళ్ళ అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఆయన వెళ్ళి రేవతి మంచం పక్కన, అప్పలనర్సమ్మకి ఎదురుగా కూర్చున్నారు. బల్ల మీద దోర జామకాయ ఉంది. "అమ్మా, నాకూ ఓ కాకెంగిలి ముక్క పెట్టు."

"వద్దు బాబూ. నా నోట్లో విషముంది."

"ఆ వైరస్ నాకూ ఉందమ్మా, ఈ డాక్టరమ్మకీ ఉంది. నూటికి తొంభై మందికి పైనే ఉంటుంది. జబ్బు మాత్రం నీ బిడ్డకే ఎందుకొచ్చిందో తెలీదు. నలభై ఏళ్ళుగా ఇదే వైద్యం చేస్తున్నాను. నాకూ తెలీదు."

అని నోరు తెరిచారు.

అప్పలనర్సమ్మ జామకాయ అందుకుంది. చెంగు కప్పి కొరికింది. ముక్క ఆయన నోట్లో పెట్టింది. ఆయన నిదానంగా నమిలి, "తియ్యగా ఉంది," అన్నారు.

జామకాయ వాసనకి రేవతి అటు తిరిగి నోరు తెరిచింది. తల్లి ఏడుస్తూ పెట్టింది.

కౌముది అంతసేపూ తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత వచ్చి, అప్పలనర్సమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అమ్మా, నాకు?" అంది.