సింహాద్రమ్మ నమస్కారం

"ఆ సింహాద్రమ్మకి చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలి మాస్టారూ?" అని దాలినాయుడు అడిగాడు. అడగడం కాదు, అరిచాడు.

కూర్మారావు మాస్టారు పలాసలో వోవినామ్ అనే వియత్నాం యుద్ధవిద్య నేర్పుతాడు. మూతపడిన జీడిపప్పు షెడ్డే ఆయన బడి. కుర్రతనంలో సైగాన్ వెళ్ళి నేర్చుకొచ్చిన మనిషి. ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పడం ఆయన ఒంట్లో లేదు. తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గర నేర్చుకుంటూ, ఆయన తరఫున క్లాసులు నడుపుతున్న దాలినాయుడికి ఆ సంగతి బాగా తెలుసు. అయినా అడిగాడు. ఆ రోజుకి అతని ఓపిక పూర్తిగా చచ్చిపోయింది మరి.

వోవినామ్ వందనానికి కుడిచెయ్యి గుండె మీద ఆనించి తల వంచాలి. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. జీడిపిక్కలు ఒలిచే సింహాద్రమ్మ మాత్రం మూడేళ్ళుగా రెండు చేతులూ జోడిస్తోంది. తన్నడం బాగా వచ్చు, పట్లు బాగా వచ్చు. వందనానికి వియత్నాం మాటలో "లే!" అని నాయుడు ఆజ్ఞ ఇవ్వగానే మాత్రం, పెళ్ళివారిని ఎదుర్కొంటున్నట్టు నమస్కారం పెడుతుంది. కసిరితే ఒకటే మాట: "సేతులు వాటంతటవే కలిసిపోతన్నాయి సారూ. అయినా నిలబడే ఉన్నాం గదా, మళ్ళీ లే అంతారేటి?"

మర్నాడే బెల్టు పరీక్ష; పై బెల్టుకి నాయుడి పేరూ జాబితాలో ఉంది. పరీక్ష పెట్టడానికి సైగాన్ నుంచి లామ్ అనే పెద్ద గురువు వస్తున్నాడు. ఆయన రాక నాలుగేళ్ళకోసారే; పోయినసారి ఆజ్ఞ ఇచ్చింది మాస్టారే. పరీక్ష గట్టెక్కితే ఆడపిల్లల బ్యాచి సింహాద్రమ్మకే అప్పగిస్తానని మాస్టారు మాటిచ్చాడు. ఆ ఆశతోనే ఆమె రోజూ పనిలోకి వెళ్ళేముందు వచ్చి చెమటోడుస్తోంది. ఇదంతా నాయుడికి తెలియక కాదు. కానీ పరాయి దేశపు గురువు ముందు ఆ నమస్కారం పడితే తను తలెత్తుకునేదెలా?

"జాబితాలో ఆవిడ పేరు కొట్టేస్తాను మాస్టారూ."

"కొట్టేద్దువుగాని. ముందు రేపు పెద్దాయనకి వందనం చేయించు," అన్నాడు మాస్టారు. ఇదీ ఒక జవాబేనా అని నాయుడికి ఒళ్ళు మండింది.

మర్నాడు లామ్ గారు వచ్చి కూర్చున్నాడు. మర్యాదకి ఆయన ముందు పళ్ళెంలో పళ్ళు పెట్టారు. నాయుడు ఛాతీ విరుచుకుని, రేకులు అదిరేలా "లే!" అని అరిచాడు. చేతులన్నీ గుండెల మీదికి వెళ్ళాయి. సింహాద్రమ్మ చేతులు జోడించింది. నాయుడు పళ్ళు నూరాడు.

లామ్ గారి పెదవుల మీదికి నవ్వు రాబోయి ఆగింది. లేచి, చెయ్యి గుండె మీద పెట్టుకుని, అందరికీ నిండుగా తల వంచాడు. తర్వాత పళ్ళెంలోంచి ఒక బేరిపండు ఏరి, రెండు చేతులతో తెచ్చి నాయుడికి ఇచ్చాడు.

నాయుడు తెల్లబోయి మాస్టారి వైపు చూశాడు.

"నువ్వే కదరా అడిగావు," అన్నాడు మాస్టారు. "వందనం అనాలంటే ఆ మాటని గొంతు దించి పైకి లాగాలి. నీలా తిన్నగా పలికితే వాళ్ళ భాషలో అది బేరిపండు."

నాయుడి చెవులు వేడెక్కాయి. తొమ్మిదేళ్ళు! తొమ్మిదేళ్ళుగా పొద్దున్నే వీధివీధంతా వినేలా తను బేరిపండు, బేరిపండు అని అరుస్తున్నాడన్నమాట.

"మరి నాకెందుకు చెప్పలేదు మాస్టారూ?"

"రెండేళ్ళు రోజూ చెప్పాను. నీకు రెండూ ఒకలాగే వినపడ్డాయి. ఇంక ఊరుకున్నాను."

నిజమే. పాట నేర్పినట్టు ఆ ఒక్క మాటనే మాస్టారు పదే పదే అనిపించడం నాయుడికి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పట్లో అదంతా ముసలాయన చాదస్తం అనుకున్నాడు. జేబులో జాబితా బరువుగా తోచింది. వరసలో సింహాద్రమ్మ, ఏం తప్పు జరిగిందోనని బిక్కుబిక్కుమంటూ, జోడించిన చేతులు ఇంకా దించలేదు.

"ఆ పండు సగం సింహాద్రమ్మకి పెట్టు," అన్నాడు మాస్టారు. "తర్వాత జాబితా తియ్యి. వందనం తప్పినందుకు కొట్టెయ్యాల్సిన పేర్లు ఒకటో, రెండో చూద్దాం."