పొయ్యి పక్క చోటు

అరవై రెండేళ్ల ఫుర్బాకి ఒకటే పట్టు. కనుమ పైనున్న గుహలో మూడేళ్లు ఒంటరిగా ధ్యానానికి కూర్చోవాలి. గురువు నవాంగ్ లామా ఊ అంటేగాని కుదరదు. రెండేళ్లుగా అడుగుతుంటే చివరికి ఒకరోజు లామా, "పద, ఆంగ్ చిరింగ్ ఇంట్లో టీ తాగుదాం. అక్కడ చెబుతాను" అన్నాడు.

ఫుర్బా మొహం మాడిపోయింది.

షెర్పాల ఇళ్లలో కిటికీల వెంబడి పొడుగాటి బల్ల ఉంటుంది. పొయ్యి దగ్గరి కొస పెద్దవాళ్లది. హోదా తగ్గేకొద్దీ తలుపు వైపుకి జరగాలి. తొమ్మిదేళ్ల క్రితం ఆంగ్ చిరింగ్ తన తండ్రి దినానికి పిలిచి, ఫుర్బాని తన బావమరిదికన్నా ఒక చోటు కింద కూర్చోబెట్టాడు. ఆ బావమరిది ఈయనకన్నా పదకొండేళ్లు చిన్న. పెట్టింది ముట్టకుండా లేచొచ్చిన ఫుర్బా మళ్లీ ఆ గడప తొక్కలేదు. వేలిముద్ర వేసే మనిషే కానీ, ఆ రోజు ఎవరి పక్కన ఎవరున్నారో, ఎవరి కింద ఏ రంగు తివాచీ ఉందో ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు.

దారి పొడుగునా చెప్పాడు కూడా. లామా ఒక్కసారే నోరు విప్పాడు. "జడలబర్రెలు వస్తున్నాయి. లోయ వైపు కాదు, కొండ వైపు నిలబడు."

ఆంగ్ చిరింగ్ ఎదురొచ్చి, లామా కోసం పొయ్యి పక్కన మంచి తివాచీ పరిచాడు. బల్ల మీదున్న నలుగురు చుట్టాలూ లేచి నిలబడ్డారు. లామా చలికి చేతులు రుద్దుకుంటూ వెళ్లి తలుపు దగ్గరి కొసన కూర్చున్నాడు.

ఎవరికీ ఏం చెయ్యాలో పాలుపోలేదు. లామాకన్నా పైన కూర్చోకూడదు. కిందికి వెళ్దామంటే ఆ తర్వాత ఉన్నవి మెట్లే. ఒక పెద్దాయన నిజంగానే వెళ్లి మెట్ల మీద నిలబడ్డాడు. ఆయన పెళ్లాం తిట్టి లోపలికి లాక్కొచ్చింది.

ఆంగ్ చిరింగ్ అత్తగారు కాస్త ఆలోచించి, "లామా ఉన్నదే పెద్ద చోటు. ఆయన పక్క నుంచి లెక్కేసుకోండి. పొయ్యి దగ్గరిది ఇవాళ ఆఖరిది" అని తీర్పు చెప్పింది.

పెద్దలంతా వణుక్కుంటూ తలుపు వైపు సర్దుకున్నారు. మిగిలింది పొయ్యి పక్క చోటొక్కటే. ఆంగ్ చిరింగ్ ఫుర్బా చెయ్యి పట్టుకుని, "అన్నా, నువ్వక్కడ..." అని ఆగిపోయాడు. అతనికీ తెలియలేదు, మర్యాద చేస్తున్నాడో అవమానిస్తున్నాడో.

ఫుర్బా ఆ తివాచీ వంక చూశాడు. తొమ్మిదేళ్లుగా తనకి రావలసిన చోటు అదే. ఇవాళ అదే అందరికన్నా కింద. కోపం తెచ్చుకుందామంటే పొయ్యి సెగ వెచ్చగా తగులుతోంది. సంతోషిద్దామంటే అవతలి కొసన తనకన్నా చిన్నవాళ్లు లామాని ఆనుకుని కూర్చున్నారు. సగం బల్ల మీద, సగం గాలిలో కూర్చున్నాడు. ఇల్లాలు ఉప్పు టీ పోసింది. తాగాడో లేదో మళ్లీ నింపింది.

ఆ కొస నుంచి లామా అడిగాడు. "ఫుర్బా, ఈసారి నీకు ఏ చోటిచ్చారు?"

ఫుర్బా పొయ్యి వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. మళ్లీ పొయ్యి వైపు చూశాడు.

"తెలియడం లేదు, లామాగారూ."

లామా కప్పు దించాడు.

"గుహలో నువ్వొక్కడివే ఉంటావు. అక్కడ పై చోటేదో ముందు తేల్చుకుని రా."