గవరమ్మ కాళ్ళను నేల పట్టుకున్న కథ

ఒకప్పుడు మనుషులకి వయసు పైబడేకొద్దీ నడక జోరెక్కేది. ఏడాదికి ఇంత చొప్పున వేగం పెరుగుతూ పోయేది. నడక నేర్చే పిల్లలు నెమ్మది. పెళ్ళీడువాళ్ళు కాస్త చురుకు. తల నెరిసిందా, ఇక చూడక్కర్లేదు, కాళ్ళు గాలిని దాటి పోయేవి.

పోనీ, అదేమైనా సుఖమా? ఎక్కడి సుఖం! ముసలివాళ్ళకి అన్నం పెట్టాలంటే గుంజకి కట్టి పెట్టాలి. పడుకోవాలంటే మంచానికి కట్టుకోవాలి. తాడు విప్పితే చాలు, కాళ్ళు పరుగందుకునేవి.

కొండ కింద ఒక పల్లెలో గవరమ్మ అనే ఆవిడ ఉండేది. డెబ్బై రెండేళ్ళు. తన కాళ్ళంటే ఆవిడకి ఒళ్ళు మంట.

గవరమ్మకి నలుగురితో మాట్లాడ్డం ఇష్టం. "ఏటే సూరమ్మా, ఏం కూర వండావు?" అని పొరుగింటావిడని అడిగేది. సూరమ్మ నోరు తెరిచేసరికి గవరమ్మ ఊరు దాటి తాటితోపులో ఉండేది. జవాబు వినాలని వెనక్కి తిరిగితే, ఈసారి సూరమ్మ గుమ్మాన్ని కూడా దాటేసి తను అవతలి వీధిలో తేలేది.

"కాసేపు ఆగి చావండర్రా!" అని కాళ్ళని తిట్టేది.

"ఆగడం మాకు రాదు," అనేవి కాళ్ళు. "డెబ్బై రెండేళ్ళ వేగం పోగైంది. ఎక్కడ పెట్టుకోమంటావ్?"

"నా నెత్తిన పెట్టండి!"

ఆ మాట అనేసరికే పక్క ఊరు వచ్చేసేది.

గవరమ్మకి బంగారి అని నాలుగేళ్ళ మనవరాలు ఉంది. "మామ్మా, నేనూ వస్తానే," అని రోజూ వెంటపడేది. ఒకసారి గవరమ్మ పిల్లని చంకనేసుకుని బయల్దేరింది. ఆ గాలికి పిల్లకి ఊపిరాడక పెదాలు నీలంగా అయిపోయాయి. ఆ రోజే కోడలు రెండు చేతులూ జోడించి, "అత్తా, నీకు దండం పెడతాను. దాన్ని మాత్రం ఎత్తుకోకు," అంది.

గవరమ్మ ఏమనగలదు? సొంత మనవరాలిని ఎత్తుకోలేని చేతులు ఉంటే ఎంత, లేకుంటే ఎంత అనుకుంది. కోపమంతా మళ్ళీ కాళ్ళ మీదే తీర్చుకుంది.

వానాకాలం వచ్చింది. కోడలు కొండ మీంచి పారే గెడ్డ అవతల పొలంలో నాట్లు వేస్తోంది. గవరమ్మ అన్నం మూట పట్టుకుని ఎప్పటిలాగే రివ్వున పోయింది. పొలం పక్కనుంచి పోతూ పోతూ మూటని గట్టు మీదికి విసిరింది. "వచ్చి తిను!" అనే మాట కోడలికి తర్వాత వినిపించింది.

కాళ్ళు నాలుగు ఊళ్ళు తిప్పాక తిరిగి వస్తుంటే గెడ్డ మధ్యలో ఇసకదిబ్బ మీద ఏదో కనిపించింది. చూస్తే బంగారి! మామ్మ వెనకాలే ఇంట్లోంచి జారుకుంది. మామ్మ ఎటు పోయిందో తెలీక, అక్కడే కూర్చుని గులకరాళ్ళు ఏరుకుంటోంది.

పైన కొండ మీద వాన దంచేస్తోంది. గెడ్డలో నీళ్ళు అప్పటికే ఎర్రగా మారాయి.

"ఓలమ్మో! పిల్లా!" అని గవరమ్మ చెయ్యి చాచింది. వేళ్ళకి బంగారి జుట్టు తగిలింది. అంతే. కాళ్ళు ఆవిడని తాటితోపుకి మోసుకుపోయాయి.

వెనక్కి తిరిగింది. ఈసారి పిల్ల గౌను అంచు దొరికినట్టే దొరికి జారిపోయింది. కాళ్ళు పొలం గట్టు దాకా పోయాయి. "పిల్ల గెడ్డలో ఉందే!" అని కోడలికి కేక పెట్టింది. కోడలు చేతిలో నారు పారేసి పరుగెత్తింది. కానీ పాతికేళ్ళదాని నడక ఎంత? గెడ్డ చాలా దూరం.

మూడోసారి వచ్చేసరికి దిబ్బ సగం మునిగింది. బంగారి లేచి నిలబడి ఏడుస్తోంది. "మామ్మా! ఆగు మామ్మా!"

ఆగు అన్న ఆ మాట గవరమ్మ గుండెలో గుచ్చుకుంది.

"ఆగండి! మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆగండి!" అని అరిచింది.

"మేమే కాళ్ళం. మా కాళ్ళేం పట్టుకుంటావ్?" అన్నాయి కాళ్ళు, పరుగు ఆపకుండానే.

ఇక వీటితో లాభం లేదనుకుంది గవరమ్మ. "నేలతల్లీ! నా కాళ్ళు పట్టుకోవే!" అంది.

నేల మెల్లగా, బరువుగా మాట్లాడింది. "పట్టుకుంటాను గవరమ్మా. కానీ ఒక్క మాట. చెట్టుని పట్టుకున్నాను, కొండని పట్టుకున్నాను. ఏదీ వదల్లేదు. వదలడం నాకు చేతకాదు."

"వదలమని ఎవరడిగారే నిన్ను!"

"ఇంకొకటి. ముసలి అడుగులన్నీ నాకు ఒకేలా ఉంటాయి. నిన్ను పట్టానంటే అందరినీ పట్టేస్తాను. రేపు లోకమంతా నిన్ను తిట్టిపోస్తుంది. బాగా ఆలోచించుకుని..."

"పిల్ల మునిగిపోతుంటే నీతో పంచాయితీ ఏటి? తిడితే తిట్టనీ! పట్టుకో!"

నేల పట్టుకుంది.

ముందు పాదాలు బరువెక్కాయి. తర్వాత మోకాళ్ళు బిగుసుకున్నాయి. నడుం కిందికి లాగినట్టు వంగింది. డెబ్బై రెండేళ్ళ వేగం ఒక్క క్షణంలో మట్టిలోకి ఇంకిపోయింది. గవరమ్మ సరిగ్గా గెడ్డ ఒడ్డున ఆగింది.

ఆగింది గానీ, ఇప్పుడు అడుగు పడదే! పాదం ఎత్తబోతే లేవలేదు. ఈడ్చింది. జానెడు కదిలింది. రెండో పాదం ఈడ్చింది. ఇంకో జానెడు.

"ఏంటీ బరువు?" అని కాళ్ళు గొణిగాయి.

"నోరు మూసుకుని నడవండి," అంది గవరమ్మ.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. "తప్పుకో ముసలీ! తాటిచెట్లనే కూల్చుకుంటూ వస్తున్నాను, నువ్వెంత?" అని గెడ్డ ఆవిడని తోసింది. గవరమ్మ కదల్లేదు. మళ్ళీ తోసింది. కదల్లేదు. కింద నేల పట్టుకుంటే గెడ్డ ఏం చేస్తుంది? విసుక్కుని పక్కనుంచి పోయింది.

జానెడు, జానెడు, జానెడు. "ఎప్పటికి చేరతాంరా దేవుడా," అని పళ్ళు నూరుకుంటూనే నడిచింది. నీళ్ళు బంగారి నడుం దాకా వచ్చేసరికి చెయ్యి అందింది. పిల్ల మామ్మ మెడని వాటేసుకుంది. గవరమ్మ దాన్ని చంకనేసుకుంది. ఈసారి దాని ఊపిరి హాయిగా ఆడుతోంది. మెడ మీద వెచ్చగా తగులుతోంది.

ఒడ్డుకి వచ్చేసరికి కోడలు రొప్పుతూ చేరింది. పిల్లని తీసుకోబోయింది.

"ఉండవే. కాసేపు ఎత్తుకోనీ," అంది గవరమ్మ.

మర్నాడు సంగతి తెలిసి చుట్టుపక్కల ఊళ్ళ ముసలివాళ్ళంతా పోట్లాటకి బయల్దేరారు. పొద్దున బయల్దేరినవాళ్ళు సాయంత్రానికి చేరారు. అది ఇంకో మంట.

"నీ మనవరాలి కోసం మా కాళ్ళు కట్టిపడేస్తావా?" అని అరిచారు.

"కట్టిపడేశాను. ఏం చేస్తారు?" అని గవరమ్మ కూడా అరిచింది. అప్పటికి అలిసిపోయి అందరూ అరుగు మీద చతికిలపడ్డారు. కాసేపటికి లేవబోతే ఒక్కరూ లేవలేకపోయారు.

గవరమ్మకి చిర్రెత్తింది. "ఏమే నేలతల్లీ! మరీ ఇంత గట్టిగానా? కాస్త వదలవే!"

"వదలడం చేతకాదని ముందే చెప్పాను."

"చెప్పావులే! మహా చెప్పావు!"

నేల ఆలోచించింది. "ఒక పని చెయ్యండి. లేచే ముందు నన్నొకసారి పిలవండి. వదల్లేను గానీ, పట్టు కొంచెం సడలిస్తాను."

అప్పటినుంచే వయసు మళ్ళినవాళ్ళు పాదాలు నేలకి రాసుకుంటూ, నడుం వంచి, చిన్న చిన్న అడుగులతో నెమ్మదిగా నడుస్తారు. కూర్చున్నచోటి నుంచి లేచేటప్పుడు మోకాళ్ళ మీద చేతులు పెట్టి "అమ్మా!" అంటారు. నొప్పికి అంటున్నారని మనం అనుకుంటాం. నొప్పి లేదని కాదు. కానీ ఆ పిలుపు నేలకి. ఒక్క క్షణం వదిలి చావవే తల్లీ అని.