విరిగిన మలాం

పద్నాలుగో శనివారం కూడా మలాం విరిగింది.

జిలానీ గరిటె పక్కన పెట్టి గిన్నెలోకి చూశాడు. పైన రవ్వరవ్వగా మైనం, దాని కింద నూనె, అన్నిటికీ అడుగున ఎవరితోనూ సంబంధం లేనట్టు పన్నీరు. మొదటి నాలుగైదు సార్లు అతనికి కోపం వచ్చింది. తర్వాత కొన్నాళ్లు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆవలింత తప్ప ఏమీ రాలేదు.

పొద్దున్నే బట్టలు మూటగట్టి తలుపు వెనక పెట్టుకున్నాడు. కూజాలో ఇంకొక్కసారికి సరిపడా పన్నీరు ఉంది. సాయంత్రం మరోసారి చేసి చూస్తాడు. అదీ విరిగిందా, ఆరున్నర బస్సెక్కి వెళ్లిపోతాడు. పదకొండేళ్లు ఉన్నచోటు విడిచిపెట్టి పోవడమంటే మామూలు సంగతి కాదు. కానీ అలసిపోయినవాడికి పెద్ద సంగతులు కూడా బస్సు టైమంత చిన్నవిగా కనిపిస్తాయి.

దర్గా ఓ చిన్న గుట్ట మీద ఉంది. గుట్ట చుట్టూ నాపరాతి గనులు, వాటి పక్కనే బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలు. అక్కడి ఆడవాళ్లూ మగవాళ్లూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లలో, రాతి బురదలో చేతులు పెట్టి నిలబడతారు. చలికాలం వస్తే వేళ్ల కణుపుల దగ్గర చర్మం నిలువునా పగులుతుంది. పిడికిలి మూతపడదు. కారం కలిపిన ముద్ద పట్టుకుంటే ప్రాణం పోయినంత మంట. అందుకే సంక్రాంతి దాటేదాకా చాలామంది మజ్జిగన్నంతోనే కడుపు నింపుకుంటారు.

వాళ్ల కోసమే ఆ మలాం. నలభై ఏళ్ల పాటు దాన్ని జిలానీ గురువు ఖలందర్ సాహెబ్ తన చేత్తో చేశారు. శుక్రవారం నాడు భక్తులు సమాధి మీద కప్పిన గులాబీల చాదర్‌ను శనివారం తీస్తారు. ఆ పూలను కాళ్లు పడేచోట పారెయ్యకూడదు. వాటిని దేగిశాలో ఉడికించి, ఆవిరి పట్టి, పన్నీరు తీస్తారు. నువ్వుల నూనెలో తేనెమైనం కరగబెట్టి, అందులో పన్నీరు సన్నధారగా పోస్తూ, చల్లారేదాకా ఆపకుండా తిప్పుతారు. సరిగ్గా కుదిరితే అప్పుడే తీసిన వెన్నలా ఉంటుంది. ఇంతకు మించి అందులో రహస్యం లేదు. ఉన్నా ఎవరూ దాచలేదు.

పోయిన రంజాన్ తర్వాత ఖలందర్ సాహెబ్ చేతులకు వణుకు పట్టుకుంది. అప్పటికి ముందే చేసిపెట్టిన మలాంతో కొన్ని నెలలు గడిచాయి. జాడీ సగానికి దిగాక గరిటె జిలానీ చేతికొచ్చింది.

జిలానీ ఒకప్పుడు లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేశాడు. నూలుపోగంత తేడా వచ్చినా ఒప్పుకోని మనిషి. నూనె ఎంత, మైనం ఎంత, పన్నీరు ఎంత అన్నది గురువుగారి పక్కన కూర్చుని ఎప్పుడో లెక్కగట్టి పెట్టుకున్నాడు. ఒక్క విషయం మాత్రం ఆయన పద్ధతిలో అతనికి నచ్చేది కాదు. పన్నీరు కూజాను ఆయన పొయ్యిగట్టు మీద, నూనె గిన్నె పక్కనే, బూడిదలో పెట్టేసేవారు. సమాధి మీది పూల నీళ్లు బూడిదలోనా? పెద్దవయసు, ఓపిక లేక అలా చేస్తున్నారని సరిపెట్టుకున్నాడు. పని తన చేతికి రాగానే ఆ తప్పు దిద్దాడు. కూజాను కడిగి, పచ్చగుడ్డ కప్పి, సమాధి తలవైపు పాలరాతి మీద పెట్టాడు. నూనె కాగాక తలకు రుమాలు చుట్టుకుని వెళ్లి, రెండు చేతులా పట్టుకుని, భక్తిగా తెచ్చి పోసేవాడు. ఆ పన్నీరు పుట్టిందే పొయ్యి మీద గదా అన్న ఆలోచన అంత భక్తిలో అతనికి తట్టలేదు.

మధ్యాహ్నం విరిగిన గిన్నె తీసుకెళ్లి గురువుగారి ముందు పెట్టాడు. ఆయన కంబళి కప్పుకుని గోడకు ఆనుకుని ఉన్నారు.

"హజ్రత్, కొలతలు తప్పలేదు. తిప్పడం ఆపలేదు. దువా చదవకుండా ఒక్కరోజు మొదలుపెట్టలేదు. ఇంక నా చేతుల్లోనే ఏదో ఉంది. అదేందో చెప్పండి."

"యాడ, చూపించు చేతులు."

జిలానీ చాపాడు. ఆయన వణికే వేళ్లతో వాటిని పట్టుకుని కాసేపు ఉంచుకున్నారు.

"చల్లగా ఉండాయి" అన్నారు.

"చలికాలం గదా హజ్రత్."

"అవును" అని ఆయన కళ్లు మూసుకున్నారు.

పదకొండేళ్ల సేవకు దక్కిన జవాబు అది. జిలానీ గిన్నె తీసుకుని బయటికొచ్చాడు. అతనికి నిజంగానే బాధేసింది. ఆ మాటకొస్తే మలాం ఒక్కటే కాదు, అన్నీ విసుగు పుట్టిస్తున్నాయి. వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, పగిలిన చేతులు పగులుతూనే ఉంటాయి. ఈ ఏడాది అయితే అతను పూయడం కూడా మానేశాడు. జాడీ కిటికీ గట్టు మీద పెట్టి, "రెండు వేళ్లకు వచ్చినంత తీసుకోండి, ఎక్కువ వద్దు" అని లోపలికి పోయేవాడు. గురువుగారు చేసిపెట్టిన మంచి మలాం ఇప్పుడు ఆ జాడీ అడుక్కి వచ్చింది.

సాయంత్రం అయిదు గంటలకు ఫ్యాక్టరీ సైరన్ మోగింది. జిలానీ ఆఖరిసారికి పొయ్యి వెలిగించి, నూనె, మైనం గిన్నెలో వేసి ఎక్కించాడు. మెట్ల మీద ఎవరో వస్తున్న చప్పుడైంది.

ఒకామె. నలభై దాటి ఉంటాయి. చీర కుచ్చిళ్ల మీద బురద ఎండి తెల్లబడింది. ఆమె ప్రతి శనివారం వస్తుంది. తీసుకుంటుంది, పోతుంది. ఈరోజు కిటికీ దగ్గర జాడీలో చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది.

"అన్నా, వేళ్లు వంగడంల్యా. అడుగున ఉండేది అందల్యా."

గురువుగారు గోడ దగ్గర్నుంచే అన్నారు. "జిలానీ, నువ్వు పుయ్యి."

అతను జాడీ గీకి, ఇంత ముద్ద తీసి, ఆమె కుడిచెయ్యి పట్టుకుని కణుపుల మీద రాశాడు. చలికి మలాం బిగుసుకుపోయి ఉంది. పగుళ్ల మీద గరుకుగా జారింది. ఆమె పళ్లు బిగబట్టి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కొంచెం ఓర్చుకోవాల. మందు గదా" అన్నాడు జిలానీ. అతని చూపు అప్పటికే పొయ్యి మీదికి పోయింది.

"ఓర్చుకుంటా అన్నా" అంది ఆమె. కానీ చెయ్యి ముందుకు రాలేదు. కొంగులో దాచుకుంది.

"ఇట్లా ఇయ్యి" అన్నారు ఖలందర్ సాహెబ్.

జిలానీ జాడీ అందించాడు. ఆమె వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన వణుకుతున్న వేళ్లతో చిన్న ముద్ద తీసి, పూయకుండా, రెండు అరచేతుల మధ్య మూసిపెట్టుకున్నారు. అలా పెట్టుకునే అడిగారు.

"పొద్దున ఏం తింటివి బిడ్డా?"

"ఏముండాది సామీ. రాత్రి సంగటి మిగిలింటే మజ్జిగేసుకుని తాగిపోతి."

"మీ ఆయప్ప దగ్గు?"

"పగలు ఫర్వాల్యా. పండుకుంటేనే వస్తాది. కూసోని నిద్రపోతాడు."

"నువ్వు?"

ఆమె నవ్వింది. "నేను ఆయప్పను చూస్తా కూసుంటా."

"మళ్లా పొద్దున్నే నీళ్లల్లో నిలబడతావు."

"నిలబడకపోతే ఎట్ల సామీ."

ఆయన ఓదార్చలేదు, దేవుడున్నాడని చెప్పలేదు. అరచేతులు మూసుకునే ఉన్నారు. కొంతసేపటికి ఆమె చెయ్యి, ఎవరూ అడగకుండానే, కొంగులోంచి బయటికొచ్చి ఆయన మోకాలి దగ్గర వాలింది. ఆయన అరచేతులు తెరిచారు. ముద్ద లేదు, తడితడిగా మెరుపు మాత్రం ఉంది. రెండు చేతులతో ఆమె చేతిని చుట్టుకున్నారు. ఆయన వణుకు ఆమె చేతిని కూడా వణికించింది. ఆమె మాత్రం కదలలేదు. కాసేపటికి ఆమె మెడ వాలింది. కూర్చున్నచోటే కునుకు పట్టింది.

అదే జాడీ, అదే మలాం. జిలానీ గుమ్మం దగ్గర నిలబడి చూశాడు.

పొయ్యి మీద మైనం కరిగి నూనెలో కలిసిపోయింది. ఇక పన్నీరు పోయాలి. అతను తలకు రుమాలు చుట్టుకుని సమాధి దగ్గరికి వెళ్లి, పచ్చగుడ్డ తీసి కూజా మీద చెయ్యి వేశాడు. పాలరాతి మీద ఉండి ఉండి అది మంచులా ఉంది. వేళ్లు జిల్లుమన్నాయి. అతను చెయ్యి తియ్యలేదు. అలాగే కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం గురువుగారు తన చేతుల గురించి అన్న మాట గుర్తొచ్చింది.

కొంచెంసేపటికి లేచాడు. కూజా తెచ్చి, పొయ్యిగట్టు మీద, నూనె గిన్నె పక్కనే, బూడిదలో పెట్టాడు. పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం వెనకాడింది. గురువుగారి వైపు చూశాడు. ఆయన చూడటం లేదు. కంబళి అంచున ఊడిన దారం పీకుతున్నారు.

గిన్నె దించి, మైనం గడ్డకట్టకుండా కొరివి పక్కనే ఉంచాడు. కూజా వేడెక్కడానికి టైం పడుతుంది. ఈలోగా చేసే పనేమీ లేదు. ఆమె కునుకులోంచి లేచి కొంగు సర్దుకుంటోంది. ఈ ఏడాదంతా అతను ఆమెను కిటికీ అవతలే చూశాడు. ఎదురుగా వచ్చి కింద కూర్చున్నాడు.

"అక్కా, నీ పేరేంది?"

ఆమె కాస్త వింతగా చూసింది.

"సుంకులమ్మ అన్నా. మూడేండ్ల నుంచి వస్తాండా."

జిలానీ తల దించుకున్నాడు. సిగ్గనిపించింది. మరి కాసేపటికి, "ఇంకో చెయ్యి కూడా చూపించక్కా" అన్నాడు. ఎడమచెయ్యి ఇంకా అధ్వానంగా ఉంది. బొటనవేలి దగ్గర పగులులో రాతిపొడి దిగి నల్లబడింది. అతను గోరువెచ్చని నీళ్లు తెచ్చి, గుడ్డముక్కతో తుడవడం మొదలుపెట్టాడు. ఏ షెడ్డులో పని, ఎన్ని గంటలు నిలబడతారు, వాళ్లాయన దగ్గు ఎప్పటి నుంచి, అన్నీ అడిగాడు. ఆమె చెప్పింది. కూజా సంగతి ఇద్దరూ మరిచిపోయారు. దూరంగా కింద రోడ్డు మీద ఆరున్నర బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది.

"నా బస్సు" అంది సుంకులమ్మ. "ఫర్వాల్యా, ఏడున్నరకు ఇంకోటి ఉండాది."

జిలానీ లేచి ఒక వేలు గిన్నెకు, ఒక వేలు కూజాకు తాకించి చూశాడు. తేడా తెలియలేదు.

సన్నధారగా పోశాడు. తిప్పాడు. నూనె మొదట మసకబారింది. తర్వాత పాలు పోసినట్టు తెల్లబడింది. భుజం లాగేస్తున్నా ఆపలేదు. గిన్నె పక్కలు చల్లబడేకొద్దీ గరిటె బరువెక్కింది. చివరికి గరిటె పైకెత్తితే ముద్ద దాన్నే అంటిపెట్టుకుని, కొస మెల్లగా వంగింది. ఎక్కడా రవ్వ లేదు. చుక్క నీరు లేదు.

అతను అందులోంచి ఇంత తీసి, అరచేతుల మధ్య మూసిపెట్టుకుని, సుంకులమ్మ ఎడమచేతికి పూశాడు. ఆమె పిడికిలి మూసి చూసుకుంది. పూర్తిగా మూతపడలేదు కానీ సగం దాకా వచ్చింది. ఇంకొంత తామరాకులో కట్టి వాళ్లాయన పగిలిన పాదాలకని కూడా ఇచ్చి పంపాడు. మెట్ల దాకా వెళ్లి, ఆమె రోడ్డు చేరేదాకా అక్కడే నిలబడ్డాడు.

తిరిగొచ్చి గురువుగారి పక్కన కూలబడ్డాడు. ఒళ్లంతా నొప్పులు. సంతోషం కూడా అలసటలాగే ఉంది.

"హజ్రత్, పద్నాలుగు వారాలు. కూజా యాడ పెడుతున్నానో మీరు చూస్తానే ఉన్నారు."

"చూస్తానే ఉన్నా."

"ఒక్కమాట చెప్పింటే సరిపోయేది గదా."

ఖలందర్ సాహెబ్ కంబళిలో సగం తీసి అతని భుజం మీద కప్పారు.

"చెప్పింటే నువ్వు పన్నీరు ఒక్కటే వేడిచేసేవాడివి" అన్నారు.